బండారు పెట్టిన కుందేళ్లు

చలిదేశపు కుందేళ్లను తెచ్చి కుందుర్పి ఎండలో పెంచాలన్న ఆలోచన మొదట ఎవరి బుర్రలో పుట్టిందో తెలియదు కానీ, ఆ మనిషి వైశాఖమాసంలో ఒక్క మధ్యాహ్నమైనా ఆ నేల మీద గడిపి ఉంటే అది పుట్టిన చోటే చచ్చి ఉండేది. తెచ్చినవాళ్లు మాత్రం తెలివిగా మార్గశిరంలో తెచ్చారు. డెబ్బై తొమ్మిదో సంవత్సరం అది. పొద్దు వాలితే మనుషులే కంబళ్లు కప్పుకుని ముడుచుకుంటున్న రోజులు. బీరనబండ వాళ్లకు ఆ జీవాలను చూస్తే ముద్దొచ్చిందే తప్ప, ముందు రాబోయే ఎండాకాలం ఒక్కరికీ గుర్తు రాలేదు.

బీరనబండ కుందుర్పికి పడమట ఉన్న కురుబపల్లె. గొర్రెలే ఆస్తి, గొర్రెలే కబుర్లు. ఆ ఏటి కరువుకు సాయం చేస్తామని వచ్చిన ఒక సంఘం వాళ్లు చుట్టూ తిరిగి చూసి, గొర్రెలు కొండల్ని గీకి బోడి చేస్తున్నాయని తేల్చారు. కుందేలైతే ఇంట్లోనే పడి ఉంటుంది, గుప్పెడు ఆకు వేస్తే చాలు, మూణ్ణెల్లకోసారి బొచ్చు ఇస్తుంది, ఆ బొచ్చంటే పట్నాల్లో పడి చస్తారు. కురుబ ఆడవాళ్లకు వడకడం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఇంత చక్కగా అన్నీ కలిసొచ్చాక ఎండ సంగతి ఎత్తి పని చెడగొట్టుకునే వాడెవడు?

ఊళ్లో అందరికంటే సన్నగా వడికేది ఎవరని అడిగితే మారెక్క పేరు చెప్పారు. అది నిజమే. అయితే ఆమె ఎలా వడుకుతుందో ఎవరూ అడగలేదు. మారెక్కకు వడకడం కూర్చుని చేసే పని కాదు, నడుస్తూ చేసే పని. భుజాన బొచ్చు మూట, చేతిలో కదురు, ముందు గొర్రెలు. ఏటేటా పంటలు ఇంటికి చేరాక గొర్రెల్ని తోలుకుని మొగుడు వీరప్పతో పాటు తుంగభద్ర కాలువల కిందికి పోయేది. అక్కడ కోసిన వరిమళ్లలో మంద కట్టి, ఎరువుకు బదులు గింజలు తీసుకుని, తొలకరి పడ్డాక తిరిగి వచ్చేవాళ్లు. బిడ్డలు లేరు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆమెకు ఇల్లు ఇరుకుగా ఉండేది. ఎవరైనా పాపం ఆడమనిషివి అన్ని ఊళ్లు ఎట్ల తిరుగుతావమ్మా అంటే, "ఇంట్లో మీరెట్లుంటారో నాకు అర్థం కాదు" అనేది. ఎగతాళికి అన్న మాట కాదు, నిజంగానే అర్థమయ్యేది కాదు.

కుందేళ్లను ఇచ్చే రోజు సంఘం మనిషి అంజినప్ప నాలుగింటిని తట్టలో పెట్టుకుని జీపులో వచ్చాడు. కళ్యాణదుర్గం వాడు, మంచివాడు, మాటకారి. రెండు మగవి, రెండు ఆడవి. బీరప్ప గుడి ముందు ఊరంతా చేరింది. కుందేలును అక్కడ చెవులపిల్లి అంటారు. కొండలో వేటాడి తినే చెవులపిల్లి తప్ప ఒడిలో కూర్చునే చెవులపిల్లిని వాళ్లెన్నడూ చూడలేదు. కళ్లు కనబడనంత బొచ్చు. మారెక్కను అరుగు మీద కూర్చోబెట్టి అంజినప్ప నాలుగింటినీ ఆమె ఒడిలో పెట్టాడు. అవి కదలకుండా ఒదిగిపోయాయి.

మారెక్క మామ తిప్పయ్యే ఆ గుడి పూజారి. పెద్దాయనకు ఆ రోజు పట్టరాని సంతోషం. కోడలి పేరు ఊరూరా చెప్పుకుంటారని సంతోషం, బొచ్చున్న జీవం ఇంకొకటి తమ ఇంటికి వచ్చిందని సంతోషం. "బొచ్చుండే జీవం ఏదైనా బీరప్పదే" అని నడుముకున్న సంచి విప్పి, దేవుడి ముందు పెట్టిన పసుపు, వాళ్లు బండారు అనేది, చిటికెడు తీసి నాలుగు కుందేళ్ల నొసళ్లకూ రాసేశాడు. అంజినప్ప దాన్ని బొట్టు పెట్టి స్వాగతం చెప్పడం అనుకుని ఫోటో తీసుకున్నాడు. మిగతావాళ్లందరికీ అదేమిటో తెలుసు. తెలిసినా ఆ నిమిషంలో ఒక్కరికీ తట్టలేదు.

బండారు పెట్టిన జీవం దేవుడిది. దాన్ని అమ్మకూడదు, కోయకూడదు, పరాయి చేతికి ఇవ్వకూడదు. ఎవరి ఒడిలో ఉండగా పెట్టారో, ప్రాణం పోయేదాకా దాని మేతా నీళ్లూ వాళ్ల చేతి మీదనే జరగాలి. దానికి పుట్టినవీ అంతే. మామూలుగా బండారు పెట్టేది ఏడాదికో పొట్టేలుకు. పొట్టేలు మందతోనే నడుస్తుంది, మంద మేసిందే మేస్తుంది, చూసుకునేవాడికి అదొక బరువు కాదు. అందుకే ఆ కట్టుబాటు ఎంత గట్టిదో బీరనబండలో ఎవరికీ అంతవరకు తెలియలేదు. నడిచే జీవానికి పెట్టుకున్న నియమాన్ని తిప్పయ్య పంజరంలో ఉండే జీవానికి పెట్టాడు. చెడ్డ ఉద్దేశం ఏ కోశానా లేదు. ఆలోచించలేదు, అంతే.

ఆలోచన మాఘమాసంలో వచ్చింది. గొర్రెలు బయలుదేరే పొద్దున మారెక్క మూట కట్టుకుని, కదురు నడుముకు దోపుకుని గడప దిగింది. వెనక నుంచి తిప్పయ్య గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మా, మరి ఇవో?"

మారెక్క నిలబడిపోయింది. వీరప్ప తండ్రి వైపు చూసి, "చిన్నాయన ఇంట్లో చెప్పి పోతాం లే నాయనా. పిడికెడు ఆకు వేసేదానికి ఏముండాది?" అన్నాడు.

"బండారు పెట్టినాం కదరా."

"పెట్టింది నువ్వే కదా."

"నేనే. ఏం చేద్దును, తియ్యరాదే" అన్నాడు తిప్పయ్య. తట్టలో పెట్టి వెంట తీసుకుపోదామా అంటే, దారి పొడుగునా ఎండ. అవి రెండో రోజుకు బతకవని అంజినప్ప ముందే చెప్పి ఉన్నాడు. మారెక్క మూట దించి, "ఈ ఒక్క ఏడు. వచ్చే ఏటికి ఏదో ఒక దారి చూస్తాం" అంది. తనకు తానే చెప్పుకుంది.

ఆ ఏడు నుంచి మారెక్క కుందేళ్ల గదిలో పడింది. తూర్పు వైపు కొట్టం గది, బోదగడ్డి కప్పు. కిటికీకి తడిపిన గోనెపట్టాలు, పంజరాల మీద తడిపిన గోనెపట్టాలు. పొద్దెక్కేకొద్దీ అవి ఆరిపోతూ ఉంటాయి, ఆరకముందే మళ్లీ తడపాలి. బావికి పోయి రావడం, తడపడం, మళ్లీ బావికి. నీళ్లకు ఊరంతా మొహం వాచి ఉన్న రోజుల్లో చెవులపిల్లుల ఇంటికి నీళ్లు మోస్తుంటే బావి దగ్గర ఆడవాళ్ల చూపులు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. బండారు పెట్టినవి కాబట్టి నోరెత్తేవాళ్లు కారు. ఆ చూపులకంటే నాలుగు మాటలనేస్తే నయమనిపించేది ఆమెకు.

మొదటిసారి బొచ్చు తీసేటప్పుడు ఆమె గొర్రెల అలవాటుకొద్దీ ముందు వాటిని కడగబోయింది. కత్తెర వేసే ముందు గొర్రెల్ని చెరువులో ఈదించి కడగకపోతే ఏ కురుబ మనిషీ ఒప్పుకోడు. బక్కెట్లో నీళ్లు పోసి, ఒకదాని చెవులు పట్టుకుని ముంచబోతుంటే అంజినప్ప పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమమ్మా, చంపుతావా ఏంది? ఇవి గొర్రెలు కాదు. నాలుకతో అవే నాక్కుంటాయి. నీళ్లు తగిలితే బొచ్చంతా ముద్ద కట్టి పానం పోతాది."

"నీళ్లు పడవు, ఎండ పడదు, గాలి పడదు" అంది మారెక్క. "ఇది యా దేవుడు చేసిన జీవమన్నా?"

గాలి పడనిది జీవానికి కాదు, వడికే మనిషికి. ఆ బొచ్చుకు బరువే లేదు. వాకిలి తెరిస్తే ఒళ్లోది ఒళ్లో ఉండగానే లేచిపోయేది. గొర్రెబొచ్చు వడికే కదురు దానికి పనికిరాలేదు, ఆ బరువుకు పోగు తెగిపోయేది. కందిపుల్లకు సొరబుర్ర బిళ్ల గుచ్చి ఆమె తేలికపాటి కదురు చేసుకుంది. వేళ్లకు చెమట అంటితే పోగు జారదని విబూది పూసుకునేది. తలుపు మూసి, కిటికీ మూసి, మసక వెలుతురులో గోడకు ఆనుకుని కూర్చుని వడకాలి. పోగు ఎంత సన్నగా వచ్చేదంటే కళ్లకు ఆనేది కాదు, వేళ్లతోనే తెలుసుకోవాలి. ముక్కులో బొచ్చు, నోట్లో బొచ్చు, సంగటి ముద్దలో బొచ్చు. రెండో ఏడాదికే దగ్గు పట్టుకుంది.

పనితనం మాత్రం చెడలేదు. చెడగొట్టడం ఆమెకు చేతకాదు. సంఘం వాళ్లు ఆ నూలుతో నేయించిన శాలువా ఒకటి ఊళ్లో చూపించడానికి తెచ్చి, అందరి ముందూ మారెక్క మెడ చుట్టూ కప్పారు. నడి వైశాఖం. చెమటలు కారుతుంటే ఆమె బొమ్మలా నిలబడింది. ఎక్కడి చలికి ఎవరు కప్పుకుంటారో తెలియని ఆ బట్ట వెన్న ముట్టుకున్నంత మెత్తగా ఉంది. చేత్తో నిమిరి చూసింది. తన చేతి నూలేనని తెలిసింది, గర్వం కూడా కలిగింది. ఆ గర్వం కలిగినందుకు ఆ రోజంతా తన మీద తనకే మంటగా ఉంది.

సంఘం వాళ్లను అన్నిటికంటే తికమక పెట్టింది ఇంకొకటి. కుందేళ్లు పిల్లలు పెట్టలేదు. ప్రపంచంలో ఎక్కడైనా కుందేళ్లు పెరగడం ఆపడమే కష్టం, బీరనబండలో నాలుగు నాలుగుగానే ఉన్నాయి. పశువుల డాక్టరును పిలిపించారు. ఆయన చెవులు చూసి, పళ్లు చూసి, ఏ లోపమూ లేదని తలగోక్కున్నాడు. ఎండకు అలా అవుతుందేమోనన్నాడు. మారెక్క పక్కనే నిలబడి అమాయకంగా వింది. మగవాటినీ ఆడవాటినీ చెరో మూల పెట్టి, మధ్యలో చాప కట్టి, మేతకు బయటికి వదిలినప్పుడు కూడా వేరువేరుగా వదిలేది ఆమే. డాక్టరు వచ్చే ముందు చాప తీసి చుట్ట చుట్టి అటక మీద పెట్టింది. పుట్టిన ప్రతి పిల్లా ఆమెకు ఇంకో సంకెల అవుతుంది. ఈ నాలుగూ పోతే తను మందతో పోవాలి. ఆమె బతుకులో ఇంకే కోరికా లేదు.

ప్రతి మాఘమాసం వీరప్ప బయలుదేరేటప్పుడు ఆమె వాకిట్లో నిలబడేది. గొర్రెల్ని ఒక్కొక్కదాన్నీ చూసేది. కొన్నాళ్లకు వాటిలో తనకు తెలియనివి ఎక్కువయ్యాయి. వీరప్ప పరాయి ఊళ్లలో తానే సంగటి కెలుక్కుని తిన్నాడు. మనిషి చిక్కిపోయి వచ్చేవాడు. ఆమె అడిగేది, ఈసారి ఏ కాలువ కింద దిగినారు, ఏ ఊళ్లో మంద కట్టినారు, ఆ వేపచెట్టున్న బావి ఇంకా ఉండాదా అని. అతను చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆమె బాధ చూడలేక సగమే చెప్పడం మొదలుపెట్టాడు. అది ఆమెకు తెలిసిపోయేది.

ఎనభై మూడులో సంఘం మూతపడింది. పైనుంచి సాయం ఆగిపోయిందన్నారు. అంజినప్ప ఒక్కడే బస్సు దిగి నడిచి వచ్చాడు. ఊటీ వైపు కుందేళ్ల ఫారమ్ ఒకటి ఉందని, నాలుగింటినీ అక్కడికి పంపేస్తానని చెప్పాడు.

"ఆడ చలి. హాయిగా బతుకుతాయి. నీకూ ఈ పీడ తప్పుతాది. తట్ట తెచ్చినా, ఇప్పుడే ఇచ్చెయ్యి మారెక్కా."

ఆ మాట వినగానే మారెక్క పంజరాల గది వైపు రెండడుగులు వేసింది. తిప్పయ్య వైపు చూసింది. ముసలాయన అప్పటికే అరుగు దిగడం తగ్గించాడు. తల వంచుకున్నాడు. వాకిట్లో చేరిన కులపెద్ద మారెప్ప, "పరాయి చేతికి ఎట్లిస్తారప్పా? బండారు పెట్టిండేటివి. మూడేండ్లాయ సరిగ్గా వానల్లేక. దేవుని కోపం ఇంకా పెంచుకుందామనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. బావి దగ్గర చూపులతో కాల్చుకుతిన్న ఆడవాళ్లే అవునన్నారు.

అంజినప్ప అందరి మొహాలూ చూశాడు. "బండారంటే, ఆ పొద్దు పెట్టిన బొట్టేనా?" అని అడిగాడు. మారెక్క చెప్పింది. నెమ్మదిగా, మొదటి నుంచీ చెప్పింది. విన్నాక అతను చేతిలో తట్ట కింద పెట్టాడు.

"నాకెవరూ చెప్పలేదు కదమ్మా" అన్నాడు.

"నువ్వు ఫోటో తీసుకుంటాంటివి" అంది మారెక్క.

అతను ఖాళీ తట్ట పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత బీరనబండకు ఎన్నడూ రాలేదు. బొచ్చు కొనేవాళ్లు కూడా రాలేదు. అయినా బొచ్చు పెరగడం మానదు, తీయకపోతే ఉక్కకు చస్తాయి. కాబట్టి తీసేది. తీసింది పారెయ్యడానికి మనసొప్పక వడికేది. వడికిన కండెలు అటక మీద గంపలో పేరుకుపోయాయి. ఎవరికీ అక్కరలేని అంత సన్నటి నూలు ఆ జిల్లాలోనే ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఆ తరువాతి మూడేళ్లలో మూడు కుందేళ్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. వయసైపోయి పోయాయి, ఆమె చేతిలో లోపం లేదు. ప్రతిసారీ గుడి వెనక గుంత తీసి పూడ్చారు. ప్రతిసారీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెంచిన ప్రాణం మీద దయో, తన తలుపు ఒక వేలెడు తెరుచుకున్నందుకో ఆమెకే తెలియదు. ఎనభై ఆరు నాటికి ఒక్క ఆడది మిగిలింది. దానికి పేరు పెట్టలేదు. మందలో గొర్రెలన్నిటికీ పేర్లు పెట్టిన మనిషి ఆ కుందేళ్లను ఏడేళ్లుగా "ఏయ్" అనే పిలిచింది.

ఆ ఏడు కరువు మునుపటి కరువులన్నిటినీ మరిపించింది. మాఘంలో పోవలసిన మంద, వీరప్పకు జ్వరం వచ్చి ఆగిపోయి, చైత్రం దాకా ఊళ్లోనే ఉండిపోయింది. సగం గొర్రెలు అమ్మేశారు. మిగిలిన సగాన్ని తుంగభద్ర కాలువల కింది సిరుగుప్ప దాటి ఇంకా కిందికి తోలుకుపోవాలనుకున్నాడు వీరప్ప. బయలుదేరడానికి ఇంకా రెండు రోజులుందనగా సంగటి తింటూ అన్నాడు.

"ఈసారి ఎప్పుడొస్తానో చెప్పలేను. ఈడ వానలు పడినాయని తెలిస్తేనే తిరుక్కునేది. రొండేండ్లన్నా పట్టొచ్చు." ముద్ద తుంచుతూ, "నువ్వొస్తే బాగుంటాది మారీ. ఒంట్లో బాగలేదు నాకు" అన్నాడు.

ఇన్నేళ్లలో అతను అలా అడగలేదు. అడిగితే ఆమె బాధపడుతుందని అడగలేదు. ఆమె చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది.

"ఒక్కటే ఉండాది ఇంక" అంది.

"అది చచ్చేదెప్పుడు, నువ్వొచ్చేదెప్పుడు" అన్నాడు వీరప్ప. అనేసి, తండ్రి విన్నాడేమోనని అరుగు వైపు చూశాడు. తిప్పయ్య మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అప్పటికి ఆయనకు నడుము కింద సత్తువ పోయి చాలా రోజులయింది. పక్కింటి మరదలు గంజి పోసి పోతుందిలే, తిరిగి వచ్చేదాకా ఆమే చూసుకుంటుంది అని మొగుడూ పెళ్లాలు అనుకోవడం ఆయన విన్నాడు. ముసలాయన్ని వేరే చేతికి అప్పగించవచ్చు. కుందేలును అప్పగించకూడదు.

మరునాడు పొద్దున్నుంచే ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం వేళ మారెక్క నీళ్ల బిందె పట్టుకుని పంజరం ముందు నిలబడింది. గోనెపట్టాలు ఎండి గరగరలాడుతున్నాయి. కుందేలు చెవులు వాల్చి, డొక్కలెగరేస్తూ ఆమె వైపే చూస్తోంది. కొట్టక్కర్లేదు, మేత ఆపక్కర్లేదు. ఈ ఒక్క పూట తడపకపోతే చాలు. ముసలిది, ఎండకు పోయిందంటారు. అడిగేవాళ్లు లేరు. ఆమె బిందె కింద పెట్టింది. కిటికీ మూసింది. తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చింది.

అరుగు మీద తిప్పయ్య కళ్లు తెరిచి ఉన్నాడు.

"పోతాండా మామా" అంది ఆయన మొహం చూడకుండా.

"యాడికమ్మా?"

"మంద కాడికి."

మంద ఊరి బయట గుట్ట పక్కన దిగి ఉంది. మారెక్క అక్కడ చెయ్యని పని లేదు. గొర్రెల కాళ్లలో ముళ్లు తీసింది, కుంటి గొర్రెకు పసరు పిండింది, గాడిద వీపున మూటల కింద వేసే గంతలు కుట్టింది. వీరప్ప పాత కదురు తీసి ఇస్తే, నల్లబొచ్చు భుజాన వేసుకుని మంద చుట్టూ నడుస్తూ వడికింది. గాలి వీస్తోంది. ముతక పోగు చేతికి గట్టిగా తగులుతోంది. ఎన్నాళ్లకు, ఎన్నాళ్లకు. ఆ సంతోషానికి ఆమె కళ్లు మూసుకుంది. మూసుకున్న ప్రతిసారీ గది కనిపించింది. ఇప్పుడు నోరు తెరిచి ఉంటుంది. ఇప్పుడు పక్కకు ఒరిగి ఉంటుంది. ఇప్పుడు అయిపోయి ఉంటుంది. మళ్లీ కళ్లు తెరిచి వడికేది. ఒక్కసారి కూడా ఇంటి వైపు అడుగు వెయ్యలేదు. వెయ్యాలని లేదు కూడా.

మాపటికి ఎండ తగ్గాక ఇంటికి వచ్చింది. అరుగు మీద మంచం ఖాళీగా ఉంది. కొట్టం గది తలుపు బార్లా తెరిచి ఉంది.

లోపల తిప్పయ్య నేల మీద పడి ఉన్నాడు. మోచేతులు రెండూ చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఒంటి మీద గుడ్డ లేదు, గోచి మాత్రం ఉంది. ఆయన పంచె నీళ్లోడుతూ పంజరం మీద పరిచి ఉంది. ఆమె వదిలిపోయిన బిందె పక్కకు ఒరిగి ఉంది. పంచె కింద కుందేలు ముక్కు అదురుతోంది. బతికే ఉంది.

మారెక్కకు మొదట వచ్చింది కోపం. అంత కోపం ఆమెకు జన్మలో రాలేదు.

"ఈడికెట్ల వచ్చినావు?" అంది.

"దేక్కుంటా వచ్చినా."

"ఏమిటికి వచ్చినావు?"

ముసలాయన ఊపిరి కూడదీసుకున్నాడు. "ఎప్పుడు గడప దాటినా పోయొస్తా మామా అనేదానివి. బావికి పోయినా అదే మాటే. ఈ పొద్దు పోతాండా అంటివి. పోతాండా అని మనింట్లో ఎవరంటారమ్మా? అప్పుడే తెలిసె."

ఆమె నోట అలా వచ్చిందని ఆమెకే తెలియదు. గోడకు ఆనుకుని కూలబడింది.

"దాన్ని చంపల్లనే పోయినా" అంది.

"తెలుసు. నాకేం కోపం లేదు. నేనైనా అదే చేసిందును." తిప్పయ్య కళ్లు మూసుకుని చెప్పాడు. "నిన్ను కట్టేసింది నా చేయి. ఒక్క గడియ ఆలోచన చేసింటే నీకీ గతి పట్టకపోవు. రేపు నువ్వు వీరప్పతో పో. దీన్ని నేను చూసుకుంటా. బండారు పెట్టిన చేత్తోనే మేత పెడితే తప్పేం లేదు. బీరప్పకు నేను చెప్పుకుంటా లే."

ఏడేళ్లుగా ఆమె ఏ మాట కోసం ఆ మొహం వంక చూసిందో అదే మాట. పూజారి నోటితో, అడగకుండానే వచ్చింది. చెప్పి ఆయన మంచం దగ్గరికి పోవాలని లేవబోయాడు. మోచేతులు నేలకు ఆనించాడు. తల మాత్రం లేచింది. మళ్లీ ప్రయత్నం చేశాడు. ఆమె కూర్చుని చూస్తూ ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన తన ఒంట్లో మిగిలిన సత్తువంతా ఆ గుమ్మం దాటడానికి ఖర్చు పెట్టేశాడని, ఇక ఆ ఒళ్లు తనంతట తాను పక్కకు కూడా తిరగదని ఆమెకు అర్థమైంది. లేచి వెళ్లి చేతులు కింద వేసి ఎత్తింది. మంచం మీద పడుకోబెట్టి మోచేతులు తుడిచింది. గంజి పోసి పోయే మరదలికి ఇప్పుడు ఈ మనిషిని అప్పగించి పోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

తెల్లవారాక మంద దగ్గరికి వెళ్లింది. గాడిద మీద మూటలు ఎక్కించి వీరప్ప ఆమె కోసమే చూస్తున్నాడు. ఆమె చేతిలో మూట లేదు.

"చావలేదా?" అన్నాడు.

"మీ నాయన చావనియ్యలేదు."

జరిగిందంతా చెప్పింది, తను చేసింది కూడా దాచకుండా చెప్పింది. వీరప్ప విని, "నాయనే పొమ్మన్యాడు కదా" అన్నాడు.

"పొమ్మనేకి నోరుండాది. లేసేకి ఒళ్లు లేదు."

"నేనుండిపోదునా మరి?"

ఆమె గొర్రెల వైపు చూసింది. డొక్కలు వీపుకు అంటుకుని, అప్పటికే కొన్ని దారి పట్టి కదులుతున్నాయి. ఈడ ఇంకో వారముంటే ఒక్కటీ మిగలదని ఇద్దరికీ తెలుసు. "వాటికి నువ్వుండల్ల" అంది.

వీరప్ప కర్ర తీసుకున్నాడు. "పోయొస్తా మారీ" అన్నాడు. ఆమె తల ఊపింది. దుమ్ము కనిపించినంతసేపు అక్కడే నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి ఎండ పొడుచుకొస్తోంది. గదిలో కుందేలు పంజరం గీకుతోంది. అరుగు మీద తిప్పయ్య అడుగుల చప్పుడు విని, "ఎవురు?" అన్నాడు.

"నేనే."

"పోలేదా అమ్మా?"

ఆమె గదిలోకి పోయి ఆరిన గోనెపట్టాలు ముట్టి చూసింది. ఆ రెండు ప్రాణాలూ ఈ పూటే పోతే బాగుండునని మనసులో అనుకుంది. దేవుడికి వినబడినా సరేనని, ఇంకోసారి అనుకుంది. అనుకుని, బిందె తీసుకుని బావికి బయలుదేరింది.